బీసీఎం (బాడీ కంట్రోల్ మాడ్యూల్, అంటే డోర్ లాక్‌లు, లైట్ల వంటివి నడిపే కంప్యూటర్) మార్చాలంటున్నారు, స్కానర్‌లో వచ్చిన కోడ్లు ఇవీ. ఎక్కడ మొదలుపెట్టాలి?

పల్నాడు ఆటో ఎలక్ట్రికల్, నరసరావుపేట:

అందరికీ నమస్కారం. సెల్ఫ్, ఆల్టర్నేటర్, హెడ్‌లైట్ వైరింగ్ పనులు చాలాకాలంగా చేస్తున్నాను. ఈ మధ్యే అన్ని సిస్టమ్‌లూ చదివే స్కానర్ ఒకటి తీసుకున్నాను. ఇంజన్ కోడ్లతో ఇబ్బంది లేదు. బాడీ వైపు వచ్చేసరికి చదవడం వరకు అవుతోంది, తేల్చడం దగ్గర ఆగిపోతున్నాను.

బండి 2018 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, రిమోట్ తాళం. వానలు మొదలైన దగ్గర్నుంచి గొడవ. రిమోట్ నొక్కితే నాలుగు డోర్లూ లాక్ పడి, వెంటనే మళ్లీ తెరుచుకుంటాయి. ఎప్పుడూ ఇలాగే ఉండదు, ఒక్కోపూట బాగానే పనిచేస్తుంది. రూఫ్ లైట్ ఉన్నట్టుండి వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. రెండు రాత్రులు కదపకుండా ఉంచితే పొద్దున సెల్ఫ్ తిరగదు. బ్యాటరీ కొత్తదే, ఛార్జింగ్ 14.2 వోల్టులు వస్తోంది. డ్రైవర్ డోర్‌లో స్పీకర్ కూడా అప్పుడప్పుడు మూగపోతుందని ఓనరు గారి భార్య చెప్పారు, అది వేరే సంగతి అనుకుంటున్నాను.

స్కానర్ పెడితే బీసీఎంలో డ్రైవర్ డోర్ స్విచ్ సర్క్యూట్ అని ఒక బీ కోడ్ (బాడీ వైపు కోడ్), సిస్టమ్ వోల్టేజ్ తక్కువ అని ఇంకొకటి. డ్యాష్‌బోర్డు మీటర్‌లో యూ0140, అంటే బీసీఎంతో కమ్యూనికేషన్ తెగిందని. ఏబీఎస్‌లోనూ పవర్ స్టీరింగ్‌లోనూ లో వోల్టేజ్ కోడ్లు. అన్నీ హిస్టరీ (ఇప్పుడు లేని పాత ఫాల్టు) అనే చూపిస్తోంది. క్లియర్ చేస్తే పోతున్నాయి, బండి మళ్లీ స్టార్ట్ కాని రోజు తిరిగి వస్తున్నాయి.

ఇంతకుముందు వేరేచోట చూపిస్తే యూ0140 చూసి బీసీఎం పోయింది, కొత్తది వేసి కోడింగ్ చేయించాలి అన్నారట. ఆయన స్కూల్ టీచరు, ఆ ఖర్చు విన్న దగ్గర్నుంచి టెన్షన్ పడుతున్నారు. నాకైతే బీసీఎం అనిపించడం లేదు. కానీ ఆయనకు చూపించి చెప్పాలి కదా. ఏ వరుసలో వెళ్లాలో తెలిసినవాళ్లు చెప్పండి అన్నా.


బెజవాడ ఆటోనగర్ 12 వోల్ట్స్:

తమ్ముడూ, బీసీఎంను ప్రస్తుతానికి పక్కన పెట్టు. నువ్వు రాసినదాంట్లోనే దానికి అనుకూలంగా ఒక సాక్ష్యం ఉంది. స్కానర్ పెడితే బీసీఎం తెరుచుకుంది, కోడ్లు ఇచ్చింది. అంటే ఆ సమయానికి దానికి కరెంటు అందుతోంది, ఎర్త్ అందుతోంది, క్యాన్ లైను (మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్లు) మీద మాట్లాడుతోంది. చచ్చిపోయిన బీసీఎం స్కానర్‌కు పలకదు.

మరి యూ0140 ఎక్కడిది? బ్యాటరీ దిగిపోయిన పొద్దున ఓనరు తాళం తిప్పారు. సెల్ఫ్ లాగేసరికి వోల్టేజ్ ఎక్కడికో పడిపోయింది, బీసీఎం ఆగి మళ్లీ లేచింది. ఆ కాసేపు దాని దగ్గర్నుంచి రావాల్సిన మెసేజ్ రాకపోయేసరికి మీటర్ ఆ కోడ్ రాసిపెట్టుకుంది. ఏబీఎస్, స్టీరింగ్ కోడ్లు కూడా ఆ పొద్దుటివే. నువ్వే రాశావు కదా, బండి స్టార్ట్ కాని రోజే తిరిగి వస్తున్నాయని. ఇవన్నీ బ్యాటరీ దిగాక పుట్టినవి. బ్యాటరీని దింపిన దాని పేరు నీ లిస్టులో ఒక్కచోటే ఉంది, డ్రైవర్ డోర్ స్విచ్.

ఆ ఒక్క స్విచ్ ఇంత గొడవ ఎలా చేస్తుందో చూడు. డోర్ తెరిచి ఉందని బీసీఎం అనుకుంటే రూఫ్ లైట్ వేస్తుంది. డోర్ తెరిచి ఉండగా లాక్ కొడితే, తాళం లోపల ఉండిపోతుందని చాలా బండ్లలో వెంటనే అన్‌లాక్ చేస్తుంది. ఇక మూడోది అసలైనది. డోర్ తెరిచి ఉన్నంతసేపూ బీసీఎం నిద్రపోదు, తనతోపాటు మిగతా మాడ్యూళ్లనూ లేపి ఉంచుతుంది. రూఫ్ లైట్ ఎక్కువసేపు వెలగకుండా టైమర్ ఉంటుంది, కానీ స్విచ్ తెరిచి మూసినట్టు కొట్టుకుంటుంటే ప్రతిసారీ టైమర్ మొదటికొస్తుంది. నువ్వు చెప్పిన 'ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది' అదే. 10 వాట్ల రూఫ్ బల్బు ఒక్కటే 0.8 యాంప్స్ లాగుతుంది. 35 ఏహెచ్ (యాంపియర్ అవర్) బ్యాటరీ మీద ఆ బల్బు, మేలుకున్న మాడ్యూళ్లు కలిసి పడితే రెండు రాత్రులు ఎక్కువే.

ఇప్పుడు పని. బ్యాటరీ ఫుల్ ఛార్జ్ చేసి మొదలుపెట్టు. బండి ఆపి కాసేపు ఉంచాక 12.6 దగ్గర ఉండాలి. 12.2 అంటే సగం ఖాళీ అయినట్టే, దాని మీద బాడీ ఎలక్ట్రికల్ చూడటం దండగ, లేని కోడ్లు పుట్టుకొస్తాయి.

బాడీ సిస్టమ్‌లో ఏ పనైనా మూడు ముక్కలు. స్విచ్ నుంచి బీసీఎం దాకా ఒకటి, బీసీఎం నిర్ణయం రెండోది, బీసీఎం నుంచి మోటరు లేదా బల్బు దాకా మూడోది. ఏ ముక్కలో ఉందో తేల్చడానికే స్కానర్. పార్టు పేరు అది చెప్పదు, మనం చెప్పించుకోకూడదు కూడా.

మూడో ముక్కను ముందు తీసెయ్, తేలిక. యాక్టివ్ టెస్ట్‌లోకి వెళ్లి స్కానర్ నుంచే లాక్, అన్‌లాక్ కొట్టు. ప్రతిసారీ నాలుగూ టకటకా పడితే లాక్ మోటర్లు, ఫ్యూజు, వాటి వైరింగ్, బీసీఎం ఔట్‌పుట్ అన్నీ బాగున్నట్టే. ఇక లైవ్ డేటాలో, అంటే బీసీఎం ఆ క్షణంలో ఏం చూస్తోందో చూపించే స్క్రీన్‌లో, డోర్ స్విచ్‌ల దగ్గరికి రా. అన్ని పారామీటర్లూ ఒకేసారి పెట్టుకోకు, స్కానర్ నెమ్మదిస్తుంది, మధ్యలో వచ్చే మినుకు కనిపించదు. నాలుగు డోర్లు, బ్యాటరీ వోల్టేజ్, అంతే పెట్టు. ఒక్కో డోర్ తెరిచి మూస్తూ ఆ డోర్‌దే మారుతోందా చూడు. తర్వాత డ్రైవర్ డోర్ లాచ్‌ను (డోర్‌ను పట్టి ఉంచే కొక్కెం, డోర్ స్విచ్ దాంట్లోనే ఉంటుంది) స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితిలోకి నొక్కెయ్. అంటే డోర్ తెరిచే ఉంటుంది, బండి మాత్రం మూసిందనుకుంటుంది. ఇప్పుడు డోర్‌కూ పిల్లర్‌కూ మధ్య ఉండే నల్లటి రబ్బరు గొట్టాన్ని చేత్తో అటూ ఇటూ వంచుతూ స్క్రీన్ చూడు.

ఆ రబ్బరు దగ్గరికే ఎందుకు వెళ్లమంటున్నానంటే, వేరే సంగతి అని నువ్వు వదిలేసిన స్పీకర్ వల్ల. స్పీకర్ వైరు బీసీఎంలోకి వెళ్లదు, స్టీరియోకు వెళ్తుంది. డోర్ స్విచ్ వైరు బీసీఎంకు వెళ్తుంది. వాటి సర్క్యూట్లకు ఏ సంబంధమూ లేదు. ఆ రెండూ పక్కపక్కన నడిచేది ఆ రబ్బరులోనే. డ్రైవర్ డోర్ రోజుకు ఎన్నిసార్లు తెరుస్తారో లెక్కేసుకో, తెరిచిన ప్రతిసారీ వైర్లు అక్కడే వంగుతాయి.

స్క్రీన్ మీద ఏమీ కదలకపోయినా అయిపోయిందనుకోకు. స్కానర్ 'తెరిచి ఉంది', 'మూసి ఉంది' అనే రెండు మాటలే చెప్పగలదు. చాలా బండ్లలో బీసీఎం ఆ వైరు మీద కొంత వోల్టేజ్ పెట్టి ఉంచుతుంది, డోర్ తెరిస్తే స్విచ్ దాన్ని ఎర్త్‌కు కలుపుతుంది, సున్నా అవుతుంది. కొన్నింటిలో ఉల్టా ఉంటుంది, డయాగ్రమ్ చూసుకో. వైరుకు తడి తగిలితే పూర్తిగా షార్ట్ కాదు, మధ్యలో ఎక్కడో ఊగుతుంది. అది మల్టీమీటర్‌లోనే కనిపిస్తుంది. బీసీఎం కప్లర్ (వైర్లు గుచ్చే కనెక్టర్) ఊడదీయకుండా వెనకనుంచి పిన్నుకు ప్రోబ్ తగిలించి చూడు.

కొట్టుకోవడం కనిపిస్తే డోర్ లోపల లాచ్ కప్లర్ ఊడదియ్. కోడ్ ఒకటి పెడుతుంది, తర్వాత చెరుపుకోవచ్చు. ఊడదీశాక స్క్రీన్ 'మూసి ఉంది' మీద నిలబడితే దోషం లాచ్‌లో. అయినా 'తెరిచి ఉంది' వస్తుంటే వైరు దారిలో ఎక్కడో ఎర్త్ అవుతోంది.

చూసి రాయి. ఆ టీచరు గారికి చెప్పు, అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వొద్దని. చాలా బండ్లలో ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేకపోతే ఇంజన్ స్టార్ట్ కానివ్వనిది) బీసీఎంలోనే ఉంటుంది. అది మారిస్తే తాళాలు మళ్లీ నేర్పించాలి, ఆ మోడల్‌కు తగ్గట్టు సెట్ చేసే వేరియంట్ కోడింగ్ చెయ్యాలి. అంతా అయ్యాక వాన పడితే మళ్లీ అదే రూఫ్ లైట్ వెలుగుతుంది. ఇలా బాగున్న బీసీఎంలు ఊడబీకించుకున్నవాళ్లు మా షెడ్‌కు వస్తుంటే కడుపు రగిలిపోతుంది.


షోరూమ్ టెక్నీషియన్, హైదరాబాద్:

అన్న చెప్పిన దారి కరెక్ట్. నావి రెండు మూడు చేర్పులు.

క్లియర్ కొట్టే ముందు రిపోర్ట్ సేవ్ చేసుకోండి, లేదంటే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కోడ్ ఏ కిలోమీటర్ దగ్గర, ఎంత వోల్టేజ్ దగ్గర పడిందో కొన్ని బండ్లు చూపిస్తాయి. యూ0140 పక్కన 8 చిల్లర వోల్టులు కనిపిస్తే అన్న చెప్పిన కథే. క్లియర్ కొడితే ఆ సాక్ష్యం పోతుంది.

కోడ్ చివర గీత తర్వాత రెండంకెలు ఉంటే వాటినీ చదవండి, చాలామంది వదిలేస్తారు. 11 అంటే సర్క్యూట్ ఎర్త్‌కు షార్ట్. 12 అంటే బ్యాటరీ పాజిటివ్‌కు షార్ట్. 13 అంటే ఓపెన్, వైరు తెగినట్టు. 87 అంటే రావాల్సిన మెసేజ్ రాలేదని. మీ డోర్ స్విచ్ కోడ్ చివర 11 ఉంటే సగం పని అయినట్టే. అన్ని కంపెనీలూ ఇవి వాడవు, ఉన్నప్పుడు మాత్రం వాడుకోండి.

యూ కోడ్ హిస్టరీ కాకుండా 'కరెంట్', అంటే ఇప్పుడూ ఉన్న ఫాల్టుగా నిలబడితే అప్పుడు క్యాన్ లైను చూడాలి. బ్యాటరీ టెర్మినల్ తీసేసి ఓబీడీ సాకెట్‌లో (స్కానర్ గుచ్చే సాకెట్) 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి. 60 దగ్గర రావాలి, రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి. 120 వస్తే ఒక చివర తెగింది, సున్నా దగ్గరకొస్తే రెండు వైర్లూ కలిసిపోయాయి. గేట్‌వే (వేర్వేరు లైన్లను కలిపే మాడ్యూల్) ఉన్న బండ్లలో సాకెట్ దగ్గర కనిపించేది బాడీ లైను కాకపోవచ్చు, డయాగ్రమ్ లేకుండా నమ్మకండి.

ఇగ్నిషన్ ఆన్‌లో ఎక్కువసేపు స్కానర్ పెట్టి కూర్చుంటే ఛార్జర్ తగిలించుకోవడం మర్చిపోవద్దు.


ఖమ్మం స్విఫ్ట్ ఓనర్:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నా దగ్గర ఫోన్‌కు కనెక్ట్ అయ్యే చిన్న బ్లూటూత్ అడాప్టర్ ఉంది. దాంతో ఈ డోర్ స్విచ్ డేటా కనిపించదా? ఎప్పుడు పెట్టినా 'కోడ్లు లేవు' అనే వస్తుంది.


షోరూమ్ టెక్నీషియన్, హైదరాబాద్:

మామూలు యాప్‌తో కనిపించదు సర్. పొల్యూషన్‌కు సంబంధించిన ఇంజన్ సమాచారాన్ని అన్ని కంపెనీలూ ఒకే పద్ధతిలో ఇవ్వాలని రూలు ఉంది, ఆ అడాప్టర్ చదివేది అదే. బాడీ, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ సమాచారం ఒక్కో కంపెనీది ఒక్కో రకం. దానికి ఆ కంపెనీ డేటా ఉన్న సాఫ్ట్‌వేర్ కావాలి. మీ ఫోన్‌లో కోడ్లు లేవు అని వచ్చిందంటే ఇంజన్ వైపు లేవని మాత్రమే అర్థం.


పల్నాడు ఆటో ఎలక్ట్రికల్, నరసరావుపేట:

అన్నా, దొరికింది!

యాక్టివ్ టెస్ట్‌లో లాక్‌లు అన్నీ శుభ్రంగా పడ్డాయి. లైవ్ డేటాలో మిగతా మూడు డోర్లు సరిగ్గా మారుతున్నాయి. డ్రైవర్ డోర్ లాచ్ నొక్కి పెట్టి రబ్బరు వంచితే స్క్రీన్ మీద తెరిచి, మూసి, తెరిచి అని కొట్టుకుంటోంది, పైన రూఫ్ లైట్ దాంతోపాటే. టీచరు గారు పక్కనే ఉన్నారు, ఆయన్నే వంచమన్నాను. తన చేత్తో లైట్ వెలిగించి ఆర్పుతుంటే ఆయనకు వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

లాచ్ కప్లర్ ఊడదీసినా ఆగలేదు. బీసీఎం పిన్ను దగ్గర మీటర్ పెడితే 12 ఉండాల్సింది 4 నుంచి 9 మధ్య ఊగుతోంది. కోడ్ చివర 11 కూడా ఉంది, హైదరాబాద్ అన్న చెప్పాకే చూశాను.

రబ్బరు పిల్లర్ వైపు లాగితే లోపల్నుంచి నీళ్లు కారాయి. పైఅంచు దాని గాడిలో లేదు. ఎవరో ఎప్పుడో స్పీకర్లు మార్చినప్పుడు వైరు దూర్చి రబ్బరు సరిగ్గా కూర్చోబెట్టలేదు. డోర్ స్విచ్ వైరు ఇన్సులేషన్ చీలి, రాగి పచ్చగా చిలుము పట్టి, పక్కనున్న నల్ల ఎర్త్ వైరుకు ఆనుకుని ఉంది. ఎర్త్ వైరు కూడా అక్కడే చీలింది. స్పీకర్ వైరు పైకి బాగానే ఉంది కానీ అందులో ఏదో తేడా. జాయింట్ ఎలా వెయ్యమంటారు? టంకం పెట్టి టేప్ చుట్టెయ్యనా?


బెజవాడ ఆటోనగర్ 12 వోల్ట్స్:

భేష్ తమ్ముడూ. ఓనరు చేత వంచించావు చూడు, అది నాకు బాగా నచ్చింది.

టంకం అక్కడ వద్దు. టంకం పెట్టిన చోట వైరు పుల్లలా బిగుసుకుంటుంది, రోజూ వంగే చోట అది నిలవదు, జాయింట్ అంచు దగ్గర మళ్లీ తెగుతుంది. రబ్బరు లోపల అసలు జాయింటే ఉండకూడదు. చెడిపోయిన ముక్క మొత్తం కోసి తీసెయ్. అదే సైజు, సన్న పోగులు ఎక్కువున్న మెత్తటి వైరు కొత్తది రబ్బరులోంచి దాటించు. ఒక జాయింట్ డోర్ లోపల, ఒకటి డ్యాష్ కింద కాలి దగ్గర ప్యానెల్ వెనకాల. రెండుచోట్లా వైరు కదలదు. క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి), లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వెయ్. జాయింట్లన్నీ ఒకేచోట పడకుండా ముందూ వెనకా వెయ్, లేకపోతే లావై ప్యానెల్ కూర్చోదు. చిలుము వైరు లోపలికి పాకుతుంది, రాగి మెరిసేదాకా వెనక్కి కోసుకుంటూ వెళ్లు.

స్పీకర్ వైరు సంగతి. రబ్బరులో ఉన్న ప్రతి వైరునూ రెండు వేళ్లతో పట్టుకుని కొంచెం లాగి చూడు. రాగి బాగుంటే బిగువుగా నిలుస్తుంది. లోపల తెగి ఉంటే పైతొడుగు మాత్రం సాగుతుంది. అద్దం వైర్లు, పవర్ విండో వైర్లు కూడా అలాగే చూడు, మళ్లీ విప్పే పని ఉండదు. పసుపు స్లీవ్‌లో ఏదైనా వైరు కనిపిస్తే ఎయిర్‌బ్యాగ్ సిస్టమ్‌ది అనుకుని చెయ్యి పెట్టకు. బ్యాటరీ తీసి, బండి పుస్తకంలో చెప్పినంతసేపు ఆగకుండా దాని కప్లర్ కదపొద్దు, ఓమ్స్ అయితే ఎప్పుడూ కొలవొద్దు.

డోర్ ప్యానెల్ ఎలాగూ విప్పుతావు కాబట్టి కింద అంచున ఉండే నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోయాయేమో చూడు. లోపలి ప్లాస్టిక్ షీట్ చించకుండా మళ్లీ అంటించు. స్పీకర్ వేసినవాళ్లు ముందు చింపేది దాన్నే.

అంతా అయ్యాక రబ్బరు రెండు చివర్లూ గాడిలో చుట్టూ కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూడు. తర్వాత నిద్ర కరెంటు, అంటే బండి ఆపి ఉన్నప్పుడు లాగే కరెంటు కొలవాలి. నెగటివ్ టెర్మినల్‌కూ కేబుల్‌కూ మధ్య మీటర్ 10 యాంప్స్ రేంజ్‌లో. లాచ్‌లు నొక్కి, లాక్ కొట్టి, తాళం దూరంగా పెట్టి వదిలెయ్. మధ్యలో డోర్ తెరిస్తే మీటర్ ఫ్యూజ్ పోవచ్చు, సెల్ఫ్ కొడితే పోతుంది. కొన్ని బండ్లు పడుకోవడానికి అరగంట పైనే తీసుకుంటాయి, తొందరపడకు. 50 మిల్లీ యాంప్స్ లోపు వస్తే నిశ్చింత.


పల్నాడు ఆటో ఎలక్ట్రికల్, నరసరావుపేట:

మీరు చెప్పినట్టే చేశాను. స్పీకర్ వైరు లాగితే సాగింది, లోపల తెగే ఉంది. పవర్ విండో వైరు ఒకటి చీలడానికి సిద్ధంగా ఉంటే అదీ మార్చాను. పసుపు వైరు ఏదీ లేదు. లాక్ కొట్టగానే 1 యాంప్ పైన ఉన్నది మెట్లు మెట్లుగా దిగి 28 మిల్లీ యాంప్స్ దగ్గర నిలబడింది. కోడ్లు క్లియర్ చేశాను, రబ్బరు ఎంత వంచినా స్క్రీన్ కదలడం లేదు.

ఒక్కటే మిగిలింది అన్నా. పార్టులంటూ ఏమీ లేవు, ఒక మీటరు పొడవు వైరు, నాలుగు స్లీవులు. కానీ పూట మొత్తం దీనికే పట్టింది. బిల్లు ఎలా రాయాలి?


బెజవాడ ఆటోనగర్ 12 వోల్ట్స్:

చెకింగ్ ఛార్జీ విడిగా రాయి, డోర్ వైరింగ్ రిపేర్ విడిగా రాయి. వైరు ఖరీదులో నీ పూటను దాచి చూపించకు. కనిపెట్టడానికి పట్టిన టైముకు డబ్బు తీసుకోకపోతే మన కుర్రాళ్లంతా పార్టు మార్చి కమీషన్ తీసుకునే దారిలోకే పోతారు, టీచరు గారికి బీసీఎం చెప్పినట్టే ఇంకొకరికి చెబుతారు. కోసిన ముక్కలు పారెయ్యకు, చిలుము పట్టిన చోటు కనిపించేలా కవరులో పెట్టి ఆయన చేతికివ్వు. స్కానర్ రిపోర్టులు రెండూ, ముందుదీ తర్వాతదీ, ప్రింట్ తీసి బిల్లుకు పిన్ను కొట్టు.

ఇంకో సంగతి, గట్టి వాన ఒకటి పడ్డాక బండి ఒకసారి తెమ్మను. లైవ్ డేటా, బీసీఎం పిన్ను దగ్గర వోల్టేజ్, కాళ్ల దగ్గర కార్పెట్ కింద తడి, ఈ మూడూ చూసి పంపు. దానికి మాత్రం డబ్బు తీసుకోవద్దు.